వాల్చి చూపిన ఉంగరం

ఏప్రిల్ 4

గడుగ్గాయికి మామయ్య రాసేది,

ఉంగరం కొంటున్నామని, రాయి ఎలా చూసుకోవాలో చెప్పమని రాశావు. ఆ మాట చదవగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాను. మన ఇంట్లో ఉంగరం అన్న మాటకి ఒక కథ ఉంది. నీ చిన్నప్పటినుంచీ నా నోట విన్నదే, మళ్ళీ విను. మీ అమ్మయితే చెప్పి ఉండదు. గెలిచినవాళ్ళు నోరు విప్పరు, ఓడినవాడికే కథలన్నీ గుర్తుంటాయి.

మా అమ్మ పోయేనాటికి నాకు పదేళ్ళు. మీ అమ్మ నాకంటే చాలా పెద్దది, అప్పటికే ఇంటి బరువంతా నెత్తికెత్తుకుంది. అమ్మ వేలి ఉంగరాన్ని గుడ్డముక్కలో చుట్టి తన పెట్టెలో పెడుతూ నాతో అంది: "ఇది నీదిరా తమ్ముడూ. నీ పెళ్ళి కుదిరిన రోజున నా చేత్తో తీసిస్తాను. అంతవరకు అడగొద్దు, చూపించమనొద్దు." నేను అడగలేదు. మాటంటే మాటే అనుకునే రకాన్ని. పెద్దయ్యాక పెళ్ళి కుదిరింది, నేను పనిచేసే వజ్రాల వర్క్‌షాపు యజమాని కూతురితో. అప్పుడడిగాను. మీ అమ్మ బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా, "ఇంట్లో అవసరం వచ్చి అమ్మేశాను" అంది. చేతిలో మడత మాత్రం చెడలేదు.

అమ్మ ఉంగరం లేకుండా నిశ్చితార్థానికి వెళ్ళనన్నాను. వెళ్ళలేదు. ఆ తర్వాత నా కథలో ఇంకేమీ జరగలేదు. నీకు అత్తయ్య లేకపోవడానికి కారణం ఆ బట్టల మడత.

ఆ రాయి నువ్వు చూడలేదు. గుండ్రటి వజ్రం. పొద్దున్నే అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కిటికీ దగ్గర వేలు కాస్త పక్కకి వాల్చి చూపించేది. గోడ నిండా వెలుగు చుక్కలు పరుచుకునేవి. "ఇంతకంటే మంచి రాయి లోకంలో లేదు నాన్నా" అనేది. తర్వాత జీవితమంతా కట్, అంటే రాయి చెక్కిన తీరు, చూసి రాళ్ళు వేరుచేసే బల్ల దగ్గరే గడిపాను. ఎన్ని వేల రాళ్ళు చూశానో. ప్రతి రాయినీ మనసులో దాని పక్కన పెట్టి చూసేవాణ్ణి. ఒక్కటీ సరితూగలేదు.

ఇక నీ సంగతి. ఇన్నేళ్ళలో నువ్వు నాకు రాసిన ఉత్తరాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు హఠాత్తుగా మామయ్య గుర్తొచ్చాడంటే ఎవరో గుర్తుచేసి ఉండాలి. మీ అమ్మా? లేక నువ్వు చేసుకోబోయే ఆ పళ్ళ డాక్టరా? పళ్ళు పీకేవాడికి రాళ్ళతో ఏం పని అని అడగను. అడుగుతున్నానని అనుకుంటే అనుకో.

ముందు ఏం చూశారో, ఎక్కడ చూశారో, ఏ వెలుగులో చూశారో రాయి. ఫోన్ చెయ్యొద్దు. ఫోన్‌లో అబద్ధం నున్నగా జారిపోతుంది. కాగితం మీద కనీసం ఒకసారి చెయ్యి ఆగుతుంది.

నా వెనక మీరంతా పిలుచుకునే పేరుతోనే,
భూతద్దం మామయ్య


ఏప్రిల్ 12

మామయ్యా,

వెనక పిలుచుకునే పేరు నీకెలా తెలిసింది? సరేలే, నీకు తెలియనిదేముంది.

నన్నెవరూ పురమాయించలేదు. మా రంగుల ఫ్యాక్టరీలో నా పనే వెలుగు పెట్టెలో పెట్టి షేడ్ సరిచూడటం. ఒకే డబ్బా రంగు గుమ్మంలో ఒకలా, లోపల ఒకలా కనిపిస్తుంది. అలాంటిదాన్ని షాపతని మాట విని ఉంగరం కొంటానా? పైగా ఇంట్లో రాళ్ళ మనిషిని పెట్టుకుని బయటివాళ్ళనెందుకు అడగాలి?

షాపులో మమ్మల్ని మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారు. నల్ల మఖమల్ మీద గుండ్రటి రాళ్ళు పెట్టి, పైన దీపాలు వేశారు. అన్నీ మెరిశాయి. అన్నీ సమానంగా మెరిసేసరికి నాకు అనుమానం వచ్చింది. ఒక రాయికి సర్టిఫికెట్ ఉంది, అందులో కట్ ఎదురుగా 'ఎక్సలెంట్' అని రాసి ఉంది. "ఇంతకంటే పై మార్కు లేదు మేడమ్, ఇక చూడాల్సిందేమీ లేదు" అన్నాడు షాపతను.

మా ఆయన, అంటే కాబోయే ఆయన, చూడాల్సింది చాలా ఉందన్నాడు. షాపతన్ని బతిమాలి క్లినిక్‌కి రప్పించి, పేషంట్ కుర్చీ పైనుండే పెద్ద దీపం కింద రాయి పెట్టి చూశాడు. అద్భుతంగా ఉందన్నాడు. నువ్వేమంటావు?

అమ్మ కంటి చూపు మందగించింది. వార్తలు నేనే చదివి వినిపిస్తున్నాను. నీ ఉత్తరం చదవలేదు, భయపడకు.

నీ గడుగ్గాయి


ఏప్రిల్ 18

గడుగ్గాయికి,

భయపడేది నేను కాదు. మీ అమ్మకి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. గట్టిగానే చదువు.

నీ పళ్ళ డాక్టరు చేసిన పనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోట్లో పిప్పిపన్ను కనిపించడానికి పెట్టిన దీపం అది. దాని కింద పగిలిన సీసాపెంకు కూడా మహారాణిలా ఉంటుంది. అతను తెలియక చేశాడా, తెలిసే చేశాడా అన్నది నాకింకా తేలలేదు. షాపతన్ని క్లినిక్‌కి రప్పించుకునేంత చనువు ఎక్కడిది? ఆ షాపతని పళ్ళు ఎవరు చూస్తారో కనుక్కో.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. గుండ్రటి వజ్రానికి మెరుపు రాయిలోంచి రాదు, కట్ లోంచి వస్తుంది. పైనుంచి దిగిన వెలుగు అడుగున ఒక గోడకి తగిలి, రెండో గోడకి తగిలి, తిరిగి నీ కంటికి రావాలి. అడుగు సరైన వాలులో ఉంటేనే అది జరుగుతుంది. అడుగు మరీ పలచనైతే వెలుగు కిందినుంచి కారిపోతుంది. అప్పుడు పైన చదునుగా ఉండే ముఖంలో, దాన్ని టేబుల్ అంటారు, బూడిదరంగు వలయం కనిపిస్తుంది. మేం దాన్ని చేప కన్ను అనేవాళ్ళం. అడుగు మరీ లోతైతే మధ్యలో చీకటి గుండ్రం పడుతుంది. అది మేకు తల. మేకు తల రాయికి బరువంతా పొట్టలో ఉంటుంది, మొహం చిన్నది. నువ్వు డబ్బిచ్చేది పొట్టకి, వేలి మీద కనిపించేది మొహం.

'ఎక్సలెంట్' అన్నది ఒక్క మాట. ఒక్క మాటతో సరిపెట్టేవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు. ఆ మాట కింద అంకెలుంటాయి, అవి అడుగు. వెడల్పు వందనుకుంటే లోతు అరవై, అరవై రెండు మధ్య ఉండాలి. టేబుల్ యాభై ఐదు, యాభై ఎనిమిది మధ్య. రెండు రాళ్ళకి అదే మార్కు వచ్చినా పక్కపక్కన పెడితే ఒకటి బతికున్నట్టూ ఒకటి ఊపిరి బిగబట్టినట్టూ ఉండొచ్చు. అందుకే ఒక్క రాయిని ఎప్పుడూ చూడకు. రెండు పెట్టుకుని చూడు. రాయి నడుము మీద సన్నగా చెక్కిన నంబరు సర్టిఫికెట్‌లో నంబరుతో కలవాలి. నువ్వు తుమ్మి కళ్ళు తెరిచేలోగా రాయి మారిపోయిన షాపులు నాకు తెలుసు.

అన్నిటికంటే ముఖ్యమైనది. షాపతను రాయిని పట్టకారుతో పట్టుకుని అటూ ఇటూ వాల్చి చూపిస్తాడు. వాల్చితే ప్రతి రాయీ మెరుస్తుంది. పట్టకారు అతని చేతిలోంచి తీసుకుని, టేబుల్ నీ కంటికి ఎదురుగా ఉండేట్టు నేరుగా పట్టుకో, కదపకు. వాల్చి చూపించే మనిషి మధ్యలో ఏదో దాస్తున్నట్టే లెక్క. ఈ సూత్రం నాకు నేర్పినవాడు మా వర్క్‌షాపులో అందరికంటే పాత పనివాడు, ముక్కుపొడి అనేవాళ్ళం. ఆ వర్క్‌షాపులో నేను నమ్మిన మనిషి అతనొక్కడే.

మీ ఫ్యాక్టరీలో రంగులు చూసే వెలుగు పెట్టె ఉందన్నావుగా. అందులో పెట్టి చూడు. రాయిని అమ్మాలన్న ఆశ లేని వెలుగు అదొక్కటే.

భూతద్దం


ఏప్రిల్ 28

మామయ్యా,

అడిగాను. షాపతని పళ్ళు ఎవరూ చూడరట, కట్టుడు పళ్ళు. నీ అనుమానాల్లో ఒకటి తగ్గించుకో.

నువ్వు చెప్పినట్టే చేశాను. షాపతను రాయిని వదలడు కాబట్టి తనే ఫ్యాక్టరీకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నా చేతులే చూశాడు. వెలుగు పెట్టెలో తెల్ల అట్టముక్క మడిచి, దాని గాడిలో రెండు రాళ్ళు పక్కపక్కన పెట్టాను. ఒకటి షాపుది. రెండోది పాత రాయి, సర్టిఫికెట్ లేదు, ఉంగరంలోంచి ఊడదీసినది. మాకు తెలిసిన ఇంట్లోది. ఇది తీసుకుంటే రాయి ఖర్చు ఉండదు. రెండింట్లో ఒకటి తేల్చుకోవాలి.

నాకు కనిపించింది కనిపించినట్టు రాస్తున్నాను. మొదటిది: నంబరు కలిసింది. లోతు అరవై ఒకటిన్నర, టేబుల్ యాభై ఏడు. నేరుగా పట్టుకుంటే నలుపూ తెలుపూ బాణాల్లా మధ్యనుంచి అంచుదాకా సమానంగా పరుచుకున్నాయి. అసలు వజ్రమేనా అని ఊపిరి వదిలి చూస్తే మసకేసి వెంటనే తేరుకుంది. చేప కన్ను లేదు.

రెండోది: బరువు మొదటిదానికంటే ఎక్కువ, వెడల్పు మాత్రం తక్కువ. షాపతను రాళ్ళు కొలిచే పనిముట్టుతోనే కొలిచాను, లోతు అరవై ఎనిమిది. నేరుగా పట్టుకుంటే మధ్యలో సిరాచుక్క పడ్డట్టు చీకటి. చుట్టూ అంచున కాస్త వెలుగు. వాల్చితే మాత్రం చాలా అందంగా ఉంది మామయ్యా. కానీ నువ్వు వాల్చొద్దన్నావు.

నీ తీర్పు కావాలి. ఎవరి మొహమాటమూ లేకుండా, కర్ర విరిచినట్టు చెప్పు. మా ఇంట్లో ఇద్దరి మధ్య దీనిమీద పెద్ద మాట నలుగుతోంది.

గడుగ్గాయి


మే 4

గడుగ్గాయికి,

మొహమాటం నాకెప్పుడుంది? అదే ఉంటే ఈ మేడగదిలో ఒంటరిగా ఎందుకుంటాను?

మొదటి రాయి కొనుక్కో. అంకెలు బాగున్నాయి, నువ్వు చూసినది ఇంకా బాగుంది. 'బాణాల్లా సమానంగా' అని రాశావే, ఆ మాట చదివి రెండోసారి చదివాను. నీ కన్ను మంచిది. మా అమ్మ వైపునుంచి వచ్చిన కన్ను అది, మీ నాన్న వైపు అంతా చత్వారమే.

రెండోది మేకు తల. అందులో సందేహం లేదు, నాకు రాయిని చూపించక్కర్లేదు. అది చేసినవాడికి బరువు మీద ఉన్న ప్రేమలో వీసమెత్తు కూడా వెలుగు మీద లేదు. ముడిరాయిలో పిసరు కూడా వదులుకోలేని లోభి పట్టిన సాన. మా బల్ల మీదికి అలాంటివి వస్తే పక్క డబ్బాలో పడేసేవాళ్ళం. ఆ డబ్బాకి పనివాళ్ళు పెట్టిన పేరు అనాథాశ్రమం. అడుగు తిరిగి సానపట్టిస్తే బాగుపడుతుంది, చిన్నదవుతుంది. ఆ శ్రమకి తగిన రాయి కాదు.

ఇప్పుడు అసలు విషయం. 'మాకు తెలిసిన ఇంట్లోది' అని రాశావు. నీ పళ్ళ డాక్టరు ఇంట్లోదని రాయడానికి చెయ్యి రాలేదు. కాబోయే అత్తగారు తన పెట్టె అడుగునున్న రాయిని కోడలి వేలికి అంటగట్టి, ఖర్చు మిగిలిందని మురిసిపోతోందన్నమాట. ఏ ముసలమ్మ వేలినుంచి వచ్చిందో! పాపం ఆవిడ జీవితాంతం దాన్ని చూసుకుని పొంగిపోయి ఉంటుంది. పది మందికి చూపించి ఉంటుంది. అలాంటివాళ్ళని చూస్తే నాకు జాలి కూడా కలగదు. కళ్ళుండీ చూడనివాళ్ళు గుడ్డివాళ్ళకంటే ప్రమాదం, తాము చూసిందే నిజమని పిల్లలకి నేర్పుతారు.

ఈ రాయి పెట్టుకుంటే ఆ ఇంట్లో నీ విలువ మొదటి రోజే తేలిపోతుంది. వద్దని చెప్పు. నా పేరు చెప్పి వద్దను. చెడ్డపేరు నాకు కొత్త కాదు.

మీ ఇంట్లో మాట నలుగుతున్న ఇద్దరూ ఎవరు? మీ అమ్మ ఆ రాయివైపే ఉండి ఉంటుంది. రాళ్ళ విషయంలో ఆవిడ న్యాయం నాకు ముందే తెలుసు.

భూతద్దం


మే 13

మామయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. నువ్వన్నట్టు కాగితం మీద చెయ్యి ఆగుతుంది.

రెండో రాయి వాళ్ళింటిది కాదు. మనింటిది. అమ్మమ్మది.

అమ్మ దాన్ని అమ్మలేదు. నా పెళ్ళి ఖాయమైన రోజున పెట్టె తీసి, గుడ్డముక్క విప్పి నా చేతిలో పెట్టింది. నువ్వు చిన్నప్పటినుంచీ నాకు చెబుతూ వచ్చిన రాయి ఇదేనా అని నిర్ఘాంతపోయాను. "అమ్మేశానన్నావుగా?" అంటే, "అన్నాను" అంది, అంతే. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మీ ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు తెలియాలి. పేరు చెబితే నువ్వు రాయిని చూడవు, పేరునే చూస్తావు. అందుకని చెప్పకుండా అడిగాను. అమ్మకి తెలియకుండా చేశాను. ఇందులో కుట్ర ఉంటే అది నాదొక్కదానిదే.

నీ మే 4 ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. గట్టిగానే చదవమన్నావుగా. మేకు తల అన్నచోట నవ్వింది. అనాథాశ్రమం అన్నచోట ఇంకా నవ్వింది. 'ఏ ముసలమ్మ' అన్నచోట ఆపమంది. అప్పుడు చెప్పింది.

నీ నిశ్చితార్థానికి కొద్దిరోజుల ముందు, ఉంగరం మట్టిపట్టి ఉందని, తళతళలాడించి నీకిద్దామని మీ వర్క్‌షాపుకే తీసుకెళ్ళిందట, నువ్వు లేని వేళ చూసి. ముక్కుపొడి తాత దాన్ని భూతద్దంలో చూసి, కళ్ళు పైకెత్తకుండా అన్నాడట: "అమ్మా, ఇది మా యజమాని కంట పడనీకు. నీ తమ్ముడు ఈ బల్ల దగ్గర కూర్చుని మా అమ్మ రాయిని మించింది లేదని రోజూ చెబుతాడు. ఇది చూస్తే పనివాళ్ళంతా అతన్ని బతకనివ్వరు. అన్నిటికంటే ముందు అతనే తనని బతకనివ్వడు." అమ్మ ఉంగరం తిరిగి పట్టుకొచ్చేసింది. మర్నాడు నువ్వు అడిగావు.

"వేరే ఉంగరం కొనిచ్చాను, అది పట్టుకుని వెళ్ళమన్నాను. వాళ్ళు ఏ ఉంగరానికైనా ఒప్పుకునేవాళ్ళే. వెళ్ళనిది వాడే" అంది అమ్మ. తర్వాత, "వాడు నన్ను దొంగననుకుంటే ఫరవాలేదనుకున్నాను. దొంగకి తమ్ముడుగా బతకొచ్చు, నవ్వులపాలై బతకలేడు" అంది.

నేనేం రాయను మామయ్యా? రాయి మాత్రం నేను చూసినదే రాశాను.

గడుగ్గాయి


మే 17

నీ ఉత్తరం అందింది.

రాయి మారింది. అమ్మ రాయి అది కాదు. అక్క నిజంగానే ఆ రోజుల్లో అమ్మేసి ఉంటుంది, ఇప్పుడు నీ పెళ్ళికి మొహం చెల్లక ఎక్కడినుంచో ఏదో తెచ్చింది. లేదా వర్క్‌షాపుకి తీసుకెళ్ళిన రోజునే ముక్కుపొడి మార్చేశాడు. అతను ఎంత పనిమంతుడో నాకు తెలుసు, అలాంటి చేతికి క్షణం చాలు. మంచివాడని నమ్మాను, అదే నా పొరపాటు అయ్యుండాలి. లేదా మీ షాపతను స్టూలు మీద కూర్చుని ఊరికే నీ చేతులు చూడలేదు.

అమ్మ రాయికి నడుము దగ్గర ఒకచోట చిన్న నొక్కు ఉండేది. గోరుతో తడిమితే తగిలేది. ఈ రాయికి ఉందో లేదో చూడు. వద్దు, నువ్వు చూడకు. నాకు పంపు. పోస్టులో కాదు, మనిషి చేత.

నా తీర్పు ఉత్తరం నాకు తిరిగి పంపించు.


మే 25

మామయ్యా,

రాయిని తెల్ల పొట్లంలో మడిచి పంపుతున్నాను. తెచ్చేది నీ అనుమానితుడే, పళ్ళ డాక్టరు. వేరే ఎవరిని పంపినా దారిలో మార్చారంటావు. ఇతన్నయితే ఎలాగూ అంటావు కాబట్టి కొత్త గొడవ ఉండదు.

తీర్పు ఉత్తరం పంపను. అది నాకు రాసినది.

ఒక మాట అడగాలి. రాయిని తిరిగి సానపట్టిస్తే చిన్నదైనా వెలుగు వస్తుందని నువ్వే రాశావు. పట్టించి నేనే పెట్టుకుంటానంటే అమ్మ, "వాణ్ణి అడుగు, అది వాడిది" అంది. నాకు మొదటి రాయే కావాలని లేదు, రెండోదే కావాలనీ లేదు. నిశ్చితార్థం రోజున మీరిద్దరూ ఒక గదిలో కూర్చోవాలి, నాకు కావలసింది అదే. రాయి ఏదైనా ఆ గదిలోకి వెలుగు రాకపోతే నేనేం చేసుకోను?

నువ్వొస్తావా రావా? ఒక్క ముక్కలో రాయి.

గడుగ్గాయి


జూన్ 3

గడుగ్గాయికి,

నీ పళ్ళ డాక్టరు వచ్చాడు. రాగానే నోరు తెరవండి అంటాడేమోనని పెదాలు బిగించుకుని కూర్చున్నాను. అనలేదు. పొట్లం బల్ల మీద పెట్టి, కిటికీకి అడ్డం రాకుండా పక్కకి జరిగి నిలబడ్డాడు. రాళ్ళు చూసేవాడి వెలుగుకి అడ్డం రాకూడదని తెలిసిన మనిషి. అతని మీద నా అనుమానం ఒక మెట్టు దిగింది. ఒక్కటే.

మంచినీళ్ళిచ్చి, పుస్తకాల బీరువా చూస్తూ ఉండమన్నాను. పొట్లం విప్పాను. భూతద్దం తీయకముందే గోరు పెట్టి నడుము చుట్టూ తడిమాను. నొక్కు దొరికింది. కన్ను మోసపోవచ్చు, పదేళ్ళప్పటి గోరు మోసపోదు. ఇది అమ్మ రాయే. ఎవరూ మార్చలేదు, అక్కా మార్చలేదు, ముక్కుపొడీ మార్చలేదు, కట్టుడు పళ్ళాయనా మార్చలేదు. అందరూ నిర్దోషులని తేలడం ఎంత చిరాకైన సంగతో నీకు నా వయసొస్తే తెలుస్తుంది.

అప్పుడు నేరుగా పట్టుకుని చూశాను. మేకు తల. నేను నీకు రాసిన తీర్పులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. వేల రాళ్ళని ఏ రాయితో పోల్చి పక్కన పెట్టేశానో, ఆ రాయి మా బల్ల మీదికొస్తే నా చేత్తో నేనే అనాథాశ్రమంలో వేసేవాణ్ణి. లోకంలో ప్రతిదాన్నీ కొలిచాను, కొలబద్దని తప్ప. అది పెట్టెలో ఉంది, అడగొద్దన్నారు, అడగలేదు.

పళ్ళ డాక్టరు బీరువా దగ్గరనుంచి తిరగకుండానే, "బాగుందా అండీ?" అన్నాడు. బాగోలేదన్నాను. అతను మళ్ళీ పుస్తకాల పేర్లు చదువుకోసాగాడు. పని తెలిసినవాడే.

నీ ప్రశ్నలకి జవాబులు. నీ వేలికి మొదటి రాయి పెట్టించుకో. దాని నంబరు ఉంగరంలో బిగించాక ఇంకోసారి సరిచూడు. బిగించేటప్పుడు కూడా రాళ్ళు మారుతుంటాయి. రెండోదాన్ని సానపట్టించడానికి నేను ఒప్పుకోను. తిరిగి పంపను కూడా. నా పెళ్ళి కుదిరిన రోజున నాకిస్తానని అక్క మాటిచ్చింది. పెళ్ళి కుదిరింది, మీ అమ్మే సాక్ష్యం, ఆ పెళ్ళి జరగనంత మాత్రాన మాట చెల్లకుండా పోదు. ఆలస్యంగానైనా మాట నిలబెట్టుకుందని ఆవిడకి చెప్పు. అంతకంటే మంచిగా చెప్పడం నాకు చేతకాదు, నీకు చేతనైతే కలిపి చెప్పు.

నిశ్చితార్థానికి వస్తాను. అక్క పక్కన కుర్చీ వెయ్యి. ఎదురుగా వెయ్యకు, మొహాలు చూసుకుంటూ కూర్చునే వయసు కాదు మాది. ఆవిడకి చూపు తగ్గిందన్నావు కాబట్టి ఎవరొచ్చారో, ఎవరు ఎలా ఉన్నారో పక్కనుంచి నేను చెబుతాను. ఎవరి గురించీ మంచి చెప్పనని ఆవిడకి తెలుసు, నవ్వుకుంటుంది.

నవ్వులపాలై బతకలేడు అందట. బతికేవాణ్ణో లేదో నన్ను ఒక్కసారి అడిగి ఉండాల్సింది. అయినా ఆ వ్యాజ్యం కొట్టేశాను. ముక్కుపొడి పోయాడు, యజమాని పోయాడు, ఆయన కూతురు ఎక్కడో మనవల్ని ఆడిస్తూ ఉంటుంది. సాక్షులు లేని కేసు ఎన్నాళ్ళు నడుపుతాను?

నీ మామయ్య,
భూతద్దం

తా.క. సంతకం పెట్టాక ఒక మాట మిగిలిపోయింది. నీ పళ్ళ డాక్టరు వెళ్ళాక రాయిని పొట్లంలో పెట్టబోతుంటే, నా వేళ్ళు వాటంతట అవే దాన్ని కాస్త పక్కకి వాల్చాయి. అంతే, గోడ నిండా చుక్కలు. అవే చుక్కలు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఉంగరాన్ని నేను ఎన్ని పొద్దులు చూశానో, ఒక్కసారి కూడా నేరుగా చూడలేదు. చూద్దామని వేలు పట్టుకుని తిప్పబోతే అమ్మ మెల్లిగా నా చెయ్యి తీసేసి, మళ్ళీ వాల్చి పట్టుకునేది. ఎంత వాల్చాలో ఆమెకి బాగా తెలుసు. మధ్యలో ఏముందో తెలిసిన మనిషికే ఆ వాలు తెలుస్తుంది. తెలిసి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఇంతకంటే మంచి రాయి లోకంలో లేదంది. మిగతావాళ్ళంతా నా దగ్గర దాచారు. ఆమె ఒక్కతే చూపిస్తూ దాచింది. మీ అమ్మ మీద నాకు ఇక ఏ కోపమూ లేదు. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్క మనిషినే, మా అమ్మని.